ఎవరి తప్పు ఎంత

ఫిబ్రవరి 12, బుధవారం

లాయరమ్మ ఈ రోజు ఆసుపత్రికే వచ్చింది. వయసు ముప్పై అయిదు దాటి ఉండదు, మాట మాత్రం హెడ్మాస్టర్ల మాట. ఇలాంటి కేసుల్లో మనుషులు సగం నష్టపోయేది మరిచిపోవడం వల్లేనట. అందుకని రోజూ రాసిపెట్టమంది. నొప్పి ఎంత ఉంది, ఏ మందు ఇచ్చారు, ఏ పని చేసుకోలేకపోయింది, ఎవరు సాయం పట్టారు, అన్నీ తేదీలతో సహా. ఆసుపత్రి ఎదురు కొట్లో నోటు పుస్తకాలు జతగా తప్ప అమ్మనన్నాడు. ఒకటి లాయరమ్మ కోసం. అందులో నొప్పులూ మందులూ. రెండోది ఇది. ఇందులో ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు.

మా ఆవిడ పొద్దున నాలుగు చెంచాల సూపు తాగింది. ఎడమ చేత్తో తాగబోయి దుప్పటి మీద ఒలకబోసుకుంది. నేను పట్టిస్తానంటే తల అడ్డంగా ఊపింది.

ఫిబ్రవరి 13

లాయరమ్మ పుస్తకంలో రాసినదే ఇక్కడా ఒకసారి రాస్తాను, వరస తప్పకుండా.

ఆరో తేదీ, గురువారం, ఉదయం ఎనిమిదీ ఇరవై. తను సైకిలు మీద పనికి వెళుతోంది. మా వీధి దాటాక మెయిన్ రోడ్డులోకి దిగే పల్లం ఉంది. అక్కడ మందుల షాపు ముందు ఒక పెయింటరు వ్యాను ఆపి, డ్రైవరు వైపు తలుపు తెరిచాడు. తను ఆ తలుపు అంచుకి కొట్టుకుంది. హెల్మెట్ పెట్టుకుంది కాబట్టి తల దక్కింది. కుడి చెయ్యి దక్కలేదు. మణికట్టు దగ్గర ఎముకలు ముక్కలయ్యాయి, మోచేతి దగ్గర నరం నలిగింది. రెండు ప్లేట్లు, పదకొండు స్క్రూలు. ఎముక అతుకుతుంది, నరం సంగతి ఇప్పుడే చెప్పలేను అన్నాడు డాక్టరు.

తన పని కట్టుడు పళ్ళు చెయ్యడం. పందొమ్మిదేళ్ళుగా అదే ల్యాబు, అదే బల్ల. వీధిలో ఏ పెద్దాయనో ఎదురై నోరారా నవ్వితే నా మోచెయ్యి గిల్లి, "ఆ నవ్వు నాదే" అనేది.

తలుపు తెరిచింది అతను. వెనక్కి చూడకుండా తెరిచాడు. ఇందులో ఇంతకంటే ఏమీ లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

పోలీసులు కొలతలు తీసుకుని నిన్న సైకిలు ఇచ్చేశారు. వ్యాను బీమా కంపెనీ ఇంజనీరు వచ్చి చూసేదాకా ముట్టుకోవద్దని, ఉన్నదున్నట్టు ఉంచమని లాయరమ్మ ఫోనులో మరీ మరీ చెప్పింది. హ్యాండిలు ఒక పక్కకి తిరిగిపోయింది. చక్రాలకి ఏమీ కాలేదు. మెట్ల కింద పెట్టాను. మట్టి తుడిచాను. అంతే.

ఫిబ్రవరి 17

నిన్న అంతే అని రాశాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను, బ్రేకు రబ్బర్లు కూడా మార్చాను. నాలుగూ. కొన్నవి ఎలాగూ సంచిలో ఉన్నాయి. చేతిలో స్పానరు ఉండి, ఎదురుగా పని కనిపిస్తుంటే ఊరుకోలేను, ఇరవై రెండేళ్ళ అలవాటు. పాతవాటిలో ఇంకా రబ్బరు ఉంది. కొద్దిగా ఉంది. పొడి రోడ్డు మీద అది చాలు. ఆరో తేదీన వాన లేదు.

పాతవి ఎక్కడ పడేశానో రాయక్కరలేదు.

ఫిబ్రవరి 20

పనిలోకి వెళ్ళాను. ఏడంతస్తుల బిల్డింగు, పైన మెషీను రూము. లిఫ్టు మెకానిక్కు నెల నెలా చెయ్యాల్సిన పనుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది బ్రేకు లైనింగు మందం కొలిచి, రిజిస్టరులో రాసి, కింద సంతకం పెట్టడం. ఈ రోజు రెండుసార్లు కొలిచాను. రెండుసార్లూ ఒకటే వచ్చింది. వాచ్‌మన్ పైకి వచ్చి, ఏమైనా తేడా ఉందా సార్ అని అడిగాడు. లిఫ్టుకేం రోగం, బాగానే ఉంది అన్నాను.

ఫిబ్రవరి 24, సోమవారం

లాయరమ్మ ఆఫీసు. స్టేట్‌మెంటు ఇవ్వాలి.

సైకిలు ఎలా ఉండేదని అడిగింది. బాగానే ఉండేదన్నాను. దాని బాగోగులు ఎవరు చూసేవారని అడిగింది. నేనే అన్నాను. మీరేం చేస్తుంటారని అడిగింది. చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. "ఇరవై రెండేళ్ళుగా లిఫ్టు బ్రేకులు పరీక్ష చేసి సంతకం పెట్టే మనిషి ఇంట్లో సైకిలు బ్రేకు బాగోలేదని ఎవరంటారండీ?" అంటూ, దాన్నే స్టేట్‌మెంటులో మొదటి వాక్యం చేసింది.

పెయింటరు ఇచ్చిన స్టేట్‌మెంటు కూడా చదివి వినిపించింది. తలుపు తెరిచేముందు అద్దంలో చూశాననీ, సైకిలు అప్పటికి కరెంటు స్తంభం దగ్గర ఉందనీ, ఆగడానికి చాలినంత దూరం ఉందనీ, ఆవిడ బ్రేకు నొక్కడం కూడా చూశాననీ, అయినా సైకిలు ఆగలేదనీ. అందరూ ఇలాగే అంటారులెండి అని ఆ కాగితం పక్కన పెట్టేసింది. మన వైపు నిర్లక్ష్యం ఉందని తేలితేనే చిక్కు, అప్పుడు తప్పుని నూటికి ఇంత అని ఇద్దరికీ పంచుతారని చెప్పింది. తప్పుని కూడా ఆస్తిలా వాటాలు వేస్తారని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

సైకిలు మంచి స్థితిలో ఉంది అన్నచోట సంతకం పెట్టాను. ఇప్పుడు మంచి స్థితిలోనే ఉంది.

మార్చి 3

బీమా ఇంజనీరు వచ్చాడు. పొట్టిమనిషి, మెడలో తాడుకి కట్టిన కళ్ళద్దాలు. బూట్లు బయటే విప్పి వచ్చాడు. తనని ఇంటికి తెచ్చి నాలుగు రోజులే అయింది, గది గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆయన సైకిలు ముందు గొంతుకూర్చుని బ్రేకు లివరు నొక్కాడు, వదిలాడు, మళ్ళీ నొక్కాడు. రబ్బర్ల మీద గోటితో గీసి చూశాడు. ఫోటోలు తీశాడు.

"కొత్తవి," అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు.

"అవును."

"ఎప్పుడు వేశారు?"

"జనవరి ఆఖర్లో," అంది నా నోరు.

తను గదిలోకి వెళ్ళిపోయింది. మందు వేళ అయి ఉంటుంది.

మార్చి 14, శుక్రవారం

కంపెనీ ఉత్తరం రాసింది. రబ్బర్లలో అరుగుదల కనిపించడం లేదు, ఎప్పుడు మార్చారో రుజువు చూపాలి. లాయరమ్మ మా ఇద్దరినీ రమ్మంది.

బిల్లు నా పనిసంచి జేబులోనే ఉంది. నలిగింది గాని అక్షరాలు చెరగలేదు. జనవరి 25. ప్రమాదానికి పన్నెండు రోజుల ముందు. లాయరమ్మకి ఇవ్వబోతుంటే తను ఎడమ చేత్తో అందుకుంది. రెండు లైన్ల బిల్లు. చాలాసేపు చదివింది.

లాయరమ్మ బిల్లు చూసి, ఇంకేం కావాలండీ అంది. మాటవరసకి అన్నట్టు మా ఆవిడ వైపు తిరిగి, "ఆయన అప్పుడే మార్చారా అమ్మా?" అని అడిగింది.

"అవును. ఆ శనివారమే మార్చారు," అంది తను. నా వైపు చూడలేదు.

అదీ టైపు చేయించి సంతకం పెట్టించుకున్నారు. ఎడమ చేతి సంతకం, బడిలో చేరిన మొదటి వారం పిల్లలు రాసినట్టు వచ్చింది.

బస్సులో తను కిటికీ పక్కన కూర్చుంది. దిగేదాకా బయటికే చూసింది.

మార్చి 15

జనవరి పందొమ్మిది ఆదివారం. సైకిలు గోడకి ఆనించి లోపలికి వస్తూ తను అంది, "బ్రేకు సరిగ్గా పట్టడం లేదండీ, ఒకసారి చూడండి" అని. వచ్చే ఆదివారం చూస్తానన్నాను. శనివారం పని నుంచి వస్తూ రబ్బర్లు కొన్నాను కూడా. కొన్నవాణ్ణి మరిచిపోయినవాడని ఎవరైనా ఎలా అంటారు?

ఆ ఆదివారం లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారని ఫోను వస్తే వెళ్ళాను. తరవాతి ఆదివారం ఏం చేశానో గుర్తు లేదు.

మార్చి 16

గుర్తుంది. పేపరు చదువుకున్నాను. మధ్యాహ్నం పడుకున్నాను.

మార్చి 28

రెండో ఆపరేషను. నాలుగు గంటలు. నరాన్ని పక్కకి జరిపామన్నారు. చూడాలి అన్నారు.

ఏప్రిల్ 9

ఎడమ చేత్తో పళ్ళు తోముకుంటోంది, అన్నం తింటోంది, తాళం తీస్తోంది. గుండీలు రావడం లేదు. జడ రావడం లేదు. జడ వెయ్యడం నేను నేర్చుకున్నాను. గట్టిగా పేనినట్టు వస్తోంది. అద్దంలో చూసుకుని, "లిఫ్టు తాడులా ఉంది" అంది. నేను నవ్వాను. తను నవ్వలేదు.

ఉంగరం వేలు, చిటికెన వేలు ముడవడం లేదు. తక్కిన మూడూ సగం ముడుస్తోంది. ఫిజియో అమ్మాయి ఒక మెత్తని బంతి ఇచ్చింది. పొద్దున ఇరవైసార్లు, సాయంత్రం ఇరవైసార్లు. లాయరమ్మ పుస్తకంలో ఇవన్నీ రాస్తున్నాను. ఆ పుస్తకం సగం నిండింది.

మేమిద్దరం అవసరమైన మాటలన్నీ మాట్లాడుకుంటున్నాం. మందు వేసుకున్నావా. వేసుకున్నా. పాలు వచ్చాయా. వచ్చాయి.

మే 6

ల్యాబు ఓనరు వచ్చాడు. మంచివాడే. మూడు నెలలు ఆగాడు, ఇంకెన్నాళ్ళు ఆగుతాడు. బల్ల ఇంకో అమ్మాయికి ఇచ్చానని చెప్పడానికి అరగంట పట్టింది, టీ రెండుసార్లు తాగాడు. తనే ఆయన్ని ఓదార్చి పంపింది. ఆ అమ్మాయికి పై పళ్ళ వరస కుదరదు, మొదట్లో పక్కన కూర్చుని చూపించమనండి ఎవరినైనా అని కూడా చెప్పింది.

ఆయన వెళ్ళాక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. నేను బయట కూర్చుని పేపరు తిరగేశాను. ఒక్క అక్షరం ఎక్కలేదు.

మే 22, గురువారం

బీమా కంపెనీ ఒప్పుకుంది. తప్పంతా పెయింటరుదే. లాయరమ్మ ఫోను చేసి చెప్పింది, గొంతులో గెలుపు ఉంది. బిల్లే మన కేసుని నిలబెట్టింది అంది. ఇంక ఎంత అన్నది మాట్లాడుకోవడమే మిగిలింది. పెయింటరుని అతను పనిచేసే కంపెనీ వ్యాను తోలనివ్వడం లేదట. అబద్ధం ఆడాడని అనుకున్నారట. అది కూడా చెప్పింది, మధ్యలో.

తనకి చెప్పాను. సరే అంది.

జూన్ 15, ఆదివారం

మరదలు వాళ్ళ ఊరి నుంచి వచ్చి వారమైంది. అక్కచెల్లెళ్ళిద్దరూ అలా నడిచి వస్తామని వెళ్ళారు. మూడింటికి ఎవరో తలుపు కొట్టారు.

యాభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా. గోళ్ళ చుట్టూ తెల్లరంగు, ఎంత తోమినా పోనిది. చూడగానే ఎవరో తెలిసింది. ఒకరినొకరం కలవకూడదని రెండు వైపుల లాయర్లూ చెప్పారు. లోపలికి రమ్మన్నాను. ఏం చెయ్యను, మనిషి గుమ్మంలో నిలబడ్డాడు.

కుర్చీ అంచున కూర్చున్నాడు. అమ్మగారికి క్షమాపణ చెప్పి వెళదామని వచ్చానన్నాడు. ఆసుపత్రి దాకా రెండుసార్లు వచ్చి, పైకి రాలేక తిరిగి వెళ్ళాడట. తప్పు తనదేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నానన్నాడు. మొదట్లో ఒప్పుకోకపోవడం మొండితనం కాదని, నిజంగానే చూశాననుకున్నానని అన్నాడు. ఆ తరవాత ఆయన అన్నది ఉన్నదున్నట్టు రాయాలి.

"కళ్ళు రెండు చోట్ల చూపించుకున్నానండీ. ఏ దోషమూ లేదన్నారు. మరి ఆ రోజు నేను చూసిందేమిటి? ఆవిడ స్తంభం దగ్గర ఉన్నారు. బ్రేకు నొక్కారు. వేళ్ళు ముడుచుకోవడం చూశాను, ఇలా, నాలుగు వేళ్ళూ. ఇంత బాగా చూసింది జరగనే లేదంటే, ఇంక నేను చూసేదేదీ నమ్మలేను కదండీ."

బండి తోలడం మానేశాడట. వాళ్ళే వద్దన్నారు గాని, రమ్మన్నా తోలేవాణ్ణి కాదన్నాడు. నిచ్చెన ఎక్కితే కాలు ఎక్కడ పెట్టానో రెండుసార్లు చూసుకుంటాడట. రంగు కలిపి, నిన్నటి గోడకీ దీనికీ తేడా ఉందా అని పక్కవాణ్ణి అడుగుతున్నాడట. ముప్పై ఏళ్ళ పనిలో ఎవరినీ అడిగి ఎరగడు.

నేనేమన్నానో కూడా రాయాలి. "తలుపు తెరిచే ముందు ఇంకోసారి చూడాల్సింది" అన్నాను.

"అవునండీ. చూడాల్సింది," అన్నాడు.

మంచినీళ్ళిచ్చాను. తాగి వెళ్ళిపోయాడు.

జూన్ 16

తను అడిగింది. చెప్పాను. రేపు రాస్తాను.

జూన్ 17, మంగళవారం

సెలవు పెట్టాను. మెషీను రూములో రాయడం అలవాటు, ఈ రోజు ఇంటి మేడమెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

ఆదివారం సాయంత్రం వాళ్ళు వచ్చేసరికి రెండు గ్లాసులు సింకులో ఉన్నాయి. ఎవరొచ్చారని తను అడిగింది. పెయింటరు అన్నాను. ఆయన కళ్ళ పరీక్షల గురించి, నిచ్చెన గురించి, రంగుల గురించి చెప్పాను. వేళ్ళ సంగతి చెప్పలేదు. తను అంతా విని, "నేను బ్రేకు నొక్కానని చెప్పాడా?" అంది.

"చెప్పాడు."

"నొక్కా. లివరు వెళ్ళి హ్యాండిలుకి ఆనుకునేదాకా నొక్కా. అక్కడ ఏమీ లేదు." ఒళ్ళో ఉన్న కుడి చెయ్యి వైపు చూసుకుంది. తరవాత అడిగింది, "రబ్బర్లు ఎప్పుడు మార్చారు?"

"జనవరి..."

"అది నేను లాయరమ్మకి చెప్పింది. ఇప్పుడు అడిగేది మిమ్మల్ని."

"ఫిబ్రవరి పదహారు."

వంటింట్లో మరదలు కుళాయి కట్టేసింది. అప్పుడు నేను అడిగిన మాట తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. బ్రేకు అంతగా పోయిందని తెలిసి ఎందుకెక్కావు, నాకు ఇంకోసారి చెప్పొచ్చు కదా అన్నాను.

"చెప్పొచ్చు," అంది తను. "వీధి చివర సైకిలు షాపులో ఇచ్చినా పది నిమిషాల పని. కానీ రెండోసారి చెప్పకూడదనుకున్నా. ఈ ఇంట్లో ఏదైనా మూడుసార్లు చెబితే గాని అవదు. ఈ ఒక్కసారి చెప్పకుండా ఉంటే ఎన్నాళ్ళకి గుర్తొస్తుందో చూద్దామని పంతం పట్టా. పద్దెనిమిది రోజులు లెక్కపెట్టా. రోజూ ఆ పల్లంలో కాళ్ళు నేలకి రాస్తూ దిగేదాన్ని. ఆ రోజు ఆలస్యమైంది, రాయలేదు."

నేను తల దించుకున్నాను.

"మీకు గుర్తే లేదనుకున్నా ఇన్నాళ్ళూ. బిల్లు చూసేదాకా. కొన్నారు. కొని, సంచిలో వేసుకుని తిరిగారు." గొంతు పెంచకుండానే అంది, "మర్చిపోయి ఉంటే బాగుండేది."

లాయరమ్మ ముందు నన్నెందుకు కాపాడావని అడిగాను. కాపాడలేదంది. నేను ఆ అబద్ధం చెబితే మీరు అడ్డం పడతారేమో చూద్దామనుకున్నానంది. అప్పుడూ చూశా, ఇంటికి వచ్చేదాకా చూశా, ఇప్పటిదాకా చూస్తూనే ఉన్నా అంది.

పెయింటరు చూసింది నిజమని అతనికి తెలియాలి అంది. అది నేను అనాల్సిన మాట. ఆదివారం మూడింటికే అనాల్సిన మాట.

జూన్ 19

ఇద్దరం వెళ్ళి లాయరమ్మకి చెప్పాం. నేనే చెప్పాను, మొదటి నుంచి చివరి దాకా, పాత రబ్బర్లు చెత్తబుట్టలో వేసిన సంగతితో సహా. ఆమె కలం మూత పెట్టేసింది. రాసుకోవడానికి ఏమీ లేదన్నట్టు.

ఇద్దరివీ అబద్ధపు స్టేట్‌మెంట్లు అవుతాయని, కంపెనీ మొత్తం క్లెయిముని కొట్టేయవచ్చని, తాను కూడా ఈ కేసు వదిలేయవచ్చని ఒక్కొక్కటే చెప్పింది. కోపంలో కూడా వరస తప్పలేదు. మీకు ఇంకా రెండు ఆపరేషన్లు ఉండొచ్చు అని తనకి గుర్తు చేసింది.

"కొట్టేస్తే కొట్టెయ్యనివ్వండి," అంది తను. "ఆ పెయింటరు చూశారు. అది ముందు రాయండి."

లాయరమ్మ కలం మూత మళ్ళీ తీసింది.

జూలై 7, సోమవారం

కాగితాలు బీమా కంపెనీకి వెళ్ళాయి. కాగితం ద్వారా తెలియడం కంటే ముందే నేను చెప్పాలనుకున్నాను. పెయింటరు ఒక క్లినిక్‌లో వరండాకి రంగు వేస్తున్నాడని కనుక్కుని మధ్యాహ్నం వెళ్ళాను. కర్రకి తగిలించిన రోలరుతో పైనుంచి కిందికి లాగుతున్నాడు. నన్ను చూసి ఆగాడు. అమ్మగారు బాగున్నారా అన్నాడు.

నిలబడే చెప్పాను. బ్రేకు లేదని, ఆవిడ నొక్కింది నిజమని, రబ్బర్లు నేను తరవాత మార్చానని.

రోలరు నుంచి రంగు నేల మీద బొట్లు బొట్లుగా పడుతోంది. ఆయన చూసుకోలేదు.

"అంటే నేను చూశాను," అన్నాడు.

"చూశారు."

"స్తంభం దగ్గర."

"స్తంభం దగ్గర."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. గుడ్డ తీసి నేల మీది బొట్లు తుడిచాడు. తుడుస్తూ, తన పెళ్ళాం అయిదు నెలలుగా తనని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తోందని చెప్పాడు. నేను క్షమించమని అడగబోయాను. మాట పూర్తికాకముందే, "గోడ తడిగా ఉంది, ఆనుకోకండి" అన్నాడు. రోలరు తీసుకుని మళ్ళీ పైనుంచి మొదలుపెట్టాడు. కాసేపు నిలబడి వచ్చేశాను.

జూలై 10

స్టేట్‌మెంటు మొదటి వాక్యంలో నా ఉద్యోగం ఉంది కదా. బీమావాళ్ళు మా కంపెనీకి ఉత్తరం రాశారు. సూపర్‌వైజరు పిలిచాడు. ఇరవై ఏళ్ళ స్నేహం. కూర్చోమన్నాడు గాని నా ముఖంలోకి చూడలేదు. ఇకనుంచి నేను కొలవవచ్చు, గ్రీజు పెట్టవచ్చు, తాళ్ళు మార్చవచ్చు. రిజిస్టరులో సంతకం మాత్రం ఇంకొకరు పెడతారు. న్యాయమే. నేనైనా అదే చేసేవాణ్ణి.

జూలై 11

న్యాయమే అని రాశాను. పొద్దున రిజిస్టరు నా చేతిలోంచి తీసుకుంటుంటే వదలడానికి ఒక క్షణం పట్టింది.

ఆగస్టు 19, మంగళవారం

తేలిపోయింది. బీమా కంపెనీ క్లెయిము కొట్టేయలేదు. తలుపు తెరిచింది నిజం కాబట్టి. అరవై పాళ్ళు పెయింటరుది, నలభై పాళ్ళు మాది. వచ్చేది ఆసుపత్రికి సరిపోతుంది. లాయరమ్మ చివరి కాగితాల మీద సంతకాలు తీసుకుని, తనతో చెయ్యి జాగ్రత్త అని చెప్పింది. నాతో ఏమీ అనలేదు.

నలభైలో నాదెంత, తనదెంత అని ఎవరూ పంచలేదు. వాళ్ళకి మేమిద్దరం ఒకటే పార్టీ.

ఇంజనీరు రిపోర్టు ఆఖరి పేజీ చదివాను. బ్రేకు పని చేసి ఉంటే సైకిలు ఆగేదా అన్నది ఇప్పుడు ఎవరూ చెప్పలేరట. నేను పాత రబ్బర్లు పారెయ్యకుండా ఉంటే చెప్పగలిగేవారు.

ఆగస్టు 30, శనివారం

తను మరదలు వాళ్ళ ఊరు వెళ్ళింది. అక్కడ చేతి నరాలకి ప్రత్యేకంగా ఆసుపత్రి ఉంది, వారానికి మూడు రోజులు వెళ్ళాలి. కారణం అదే. అదొక్కటే కాదని ఇద్దరికీ తెలుసు.

బస్టాండులో పెట్టె పైన పెట్టి దిగి, కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎప్పుడు రమ్మంటావని అడిగాను.

"చెప్పను," అంది. కోపంగా అనలేదు. "పరీక్ష పెట్టడం కాదు ఈసారి. నిజంగానే నాకు తెలియదు."

బస్సు కదిలింది. చెయ్యి ఊపింది, ఎడమది.

సెప్టెంబరు 2

రెండు కంచాలు తీశాను. ఒకటి లోపల పెట్టేశాను.

సెప్టెంబరు 6, శనివారం

పిలవలేదు. ఫోను కూడా చెయ్యలేదు. వెళ్ళాను. మూడున్నర గంటల ప్రయాణం. మరదలు తలుపు తీసి, రండి బావగారూ అంది గాని, అక్క వైపు ఒకసారి చూసింది. ఎందుకొచ్చారని తను అడిగింది. ఊరికే అన్నాను. ఎక్కువ మాట్లాడుకోలేదు. వాళ్ళింట్లో వంటింటి కిటికీ గడియ ఊడి ఉంటే బిగించాను. సాయంత్రం బస్సుకి వచ్చేశాను.

సెప్టెంబరు 13

వెళ్ళాను. తను ఆసుపత్రికి వెళ్ళింది, సాయంత్రం దాకా రాదన్నారు. కాసేపు కూర్చుని వచ్చాను. వచ్చినట్టు మరదలు చెబుతుంది.

సెప్టెంబరు 20

వాన. బస్సు రెండు గంటలు ఆలస్యం. పావుగంట చూశాను తనని. ఉంగరం వేలు కొంచెం కదులుతోంది. కొంచెమే. డాక్టరు ఇంతకంటే రాకపోవచ్చన్నాడట. అది తనే చెప్పింది, నేను అడక్కుండా.

అక్టోబరు 4, శనివారం

పోయిన వారం జ్వరంతో వెళ్ళలేదు. ఈ రోజు వెళ్ళాను. ఏమైందని ఎవరూ అడగలేదు, తను మాత్రం నా ముఖం వైపు చూసి ఒక జ్వరం మాత్ర, మంచినీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది.

ముందు గదిలో కిటికీ కింద చిన్న బల్ల వేసుకుంది. దాని మీద మైనం ముద్దలు, చిన్న దీపం, చెక్కే కత్తులు. ల్యాబు ఓనరు పంపాడట. కుడి చేతి మూడు వేళ్ళతో మైనం ముద్దని అదిమిపట్టి, ఎడమ చేత్తో దవడ పన్ను చెక్కుతోంది. కత్తి జారినప్పుడల్లా పెదవి కొరుక్కుంటోంది. నేను నిలబడి చూశాను. చాలాసేపటికి కత్తి కింద పెట్టి, చెక్కినదాన్ని నా అరచేతిలో పెట్టింది.

"పన్నులా ఉందా?" అంది.

పందొమ్మిదేళ్ళు ఊరందరి నోళ్ళలో నవ్వులు పెట్టిన మనిషి. కళ్ళ కింద నలుపు. జడ ఎవరో వేశారు, నాకంటే బాగా. ఉంది అనే మాట నాలుక దాకా వచ్చింది.

"లేదు," అన్నాను.

"మరి దేనిలా ఉంది?"

"విరిగిన సుద్దముక్కలా ఉంది."

నా చేతిలోంచి తీసుకుని, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"నాకూ అలాగే అనిపించింది," అంది. "పొద్దున్నించి ఇంట్లో అందరూ బాగుందంటున్నారు."

కాలితో స్టూలు నా వైపు జరిపింది. "కూర్చోండి," అంది. ఇంకో మైనం ముద్ద తీసుకుంది.